ఉప్పు చూసిన మనిషి

నా పేరు, ఇంటి నంబరు నిన్న నేనిచ్చిన మొదటి వాంగ్మూలం మీద ఉన్నాయి. వయసు యాభై తొమ్మిది. వృత్తి బట్టలు కుట్టడం. వీధిలో అందరూ టైలర్ మావయ్య అంటారు. నిన్న చెప్పినదాంట్లో సగమే నిజం. మిగతా సగం చెప్పడానికి నా అంతట నేనే వచ్చాను. ఎవరూ పంపలేదు. మా ఆవిడకు ఇంకా తెలియదు.

నా దుకాణానికి ఎదురుగా చిప్స్, ఐస్‌క్రీమ్ కొట్టు ఉంది. లోపల ఒక్క మనిషి నిలబడే చోటు. కొనేవాళ్ళు బయట వరుసలో నిలబడి కిటికీలోంచి అందుకుంటారు. నడిపేది ఒక అమ్మాయి. నాకు చుట్టం కాదు, అయినా మావయ్యా అనే పిలుస్తుంది. సాయంత్రం మొదటి వాయి చిప్స్ దించి ఉప్పు చల్లగానే ఒక ముక్క నాకిస్తుంది. "పొద్దుట్నుంచీ ఈ నూనె సెగలో ఉంటే నా నాలుకకేం తెలుస్తుంది మావయ్యా, మీరే చెప్పండి" అంటుంది. నేను తలూపితేనే అమ్మకం మొదలు. వరుసలో వాళ్ళు కూడా నా తల వైపే చూస్తారు. అందుకు నాకు దక్కేది ఒక కోన్ ఐస్‌క్రీమ్. అబద్ధమెందుకు, ఐస్‌క్రీమ్ కన్నా నాకు ఆ చూపులే ఇష్టం.

పోయిన వారం జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక నోటికి రుచి తిరిగి రాలేదు. నిన్న పొద్దున మా ఆవిడ కాఫీ ఇచ్చి, నేను తాగేశాక నవ్వింది. "చక్కెర వెయ్యడం మర్చిపోయాను. మీరేమో గుటుక్కున మింగేశారు. నాలుక ఎక్కడ పారేసుకొచ్చారు?" అంది. ఈ మాట బయట ఎక్కడైనా అన్నావంటే ఊరుకోనని ఆవిడ మీద కేకలేశాను.

సాయంత్రం ఐదున్నరకు కొట్టు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. అమ్మాయి సంబరపడిపోయింది. "వచ్చారా! మీరు లేక వారమంతా ఏదో అందాజుగా లాగించాను" అంటూ ముక్క ఇచ్చింది. వేడి తెలిసింది. ఉప్పు తెలియలేదు. చప్పగా ఉందన్నాను. ఇంకాస్త చల్లి మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ చప్పనే. ఈసారి ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని ఆగింది. "నిజంగానా మావయ్యా?" అంది. వరుసంతా వింటోంది. "నా నాలుకకే వంక పెడతావా?" అన్నాను. చల్లేసింది.

వరుసలో ముందున్నది ఆసుపత్రి నర్సమ్మ. చిప్స్‌ని ఐస్‌క్రీమ్‌లో ముంచుకుని తినే మనిషి. ఒకటి నోట్లో వేసుకుంది, నా ముఖం చూసింది, మెల్లిగా కాగితంలోకి ఉమ్మేసింది. నా మీద గౌరవం కొద్దీ ఏమీ అనలేదు. నాకు అప్పుడే అర్థమైంది. అప్పుడైనా నోరు విప్పలేదు.

ఆమె వెనక వ్యాన్ డ్రైవర్. మీరు లాకప్‌లో పెట్టింది ఇతన్నే. కొట్టుకు కొత్త. నా తల సంగతి అతనికి తెలియదు.

"ఇందులో బంగాళాదుంపలు కూడా వేశావా తల్లీ, ఒట్టి ఉప్పేనా?" అన్నాడు.

"మావయ్య చూశారన్నా. ఆయన చూశాక ఇంక తిరుగుండదు" అంది అమ్మాయి.

"అయితే ఆ మావయ్యనే తినమను" అని పొట్లం నా ముందు పెట్టాడు.

గుప్పెడు తీసుకుని నమిలాను. అందరి ముందూ నమిలాను. "దివ్యంగా ఉన్నాయి. ఊరికే తిని పోదామని వేషాలేస్తున్నాడు" అన్నాను.

నూనెలో చిప్స్ వేయించే బుట్టను అతనే తోశాడని నిన్న మీకు చెప్పాను. అది అబద్ధం. "పెద్దాయనవి, అంత మాట అనొచ్చా?" అన్నాడు, అంతే. నేనే అతని కాలర్ పట్టుకుని తోశాను. అతను వెళ్ళి కిటికీ మీద పడ్డాడు. సరిగ్గా అప్పుడే అమ్మాయి తీగబుట్టను నూనెలోంచి పైకెత్తుతోంది. బుట్ట తిరగబడింది. మరిగే నూనె ఆమె కుడిచేతి మీద పడింది.

అతనే లోపలికి దూరి పొయ్యి ఆర్పాడు. నీళ్ళ క్యాను ఎత్తి ఆ చేతి మీద పోస్తూనే ఉన్నాడు. ఐస్‌క్రీమ్ మెషిన్‌ని ఎవరూ ఆపలేదు. ఐస్‌క్రీమ్ చుట్లు చుట్లుగా నేల మీద పడుతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. మీవాళ్ళు వచ్చి ఎవరు చేశారని అడిగితే, నీళ్ళు పోస్తున్న మనిషిని చూపించాను.

ఈ ఉదయం ఆసుపత్రికి వెళ్ళాను. మోచేతి దాకా కట్టు కట్టారు. వేళ్ళు ముడవగలదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆ చెయ్యి లేకపోతే ఆ కొట్టు లేదు సార్. నన్ను చూసి లేవబోయింది. "మీరు సరిగ్గానే చెప్పుంటారు మావయ్యా. నా చెయ్యే జారి ఎక్కువ పడుంటుంది. నలుగుర్లో మీ మాట పోగొట్టాను, ఏమీ అనుకోకండి" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఏమన్నానో రాసుకోండి. "ఫరవాలేదులే అమ్మా" అన్నాను. తప్పు ఆమెది, క్షమించింది నేను. అలా అనేసి వచ్చాను. వీధి మలుపు దాకా వచ్చాక కాళ్ళు ఇంటి వైపు పడలేదు. ఇటు వచ్చాను.

డ్రైవర్‌ని వదిలెయ్యండి. నన్ను ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. ఆ అమ్మాయికి మాత్రం ఈ కాగితం చదివి వినిపించండి. నా నోటితో చెప్పబోతే మళ్ళీ ఇంకేదో అనేస్తాను.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఒక్కటే తక్కువైంది. ఇందాక కానిస్టేబుల్ గారు నాకు టీ ఇచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగారు. సరిగ్గా సరిపోయిందన్నాను. అదీ అబద్ధమే. దాన్ని కూడా ఇందులో చేర్పించి, ఇదంతా నిజమని సంతకం పెడుతున్నాను.

(సంతకం)
టైలర్