తెర వెనక గొంతు

ఇంట్లో సినిమాకని కట్టిన కొత్త తెర పక్కన అల్లుడు నిలబడ్డాడు. ఎదుటి కుర్చీలో మామగారు.

“మావయ్యా, కళ్ళు మూసుకుని, గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వేలితో చూపించండి.”

“ఇదిగో, ఇక్కణ్ణుంచి.”

“అది హీరో మోకాలు!”

“మోకాలే మాట్లాడుతుంటే నేనేం చెయ్యను నాయనా?”

“నెల్లాళ్ళు చెక్క కోసి, తెర వెనక సందులో పట్టేలా స్పీకరు పెట్టె చేశాను. ఎత్తు మాత్రం చూసుకోలేదు. అత్తయ్య వచ్చేస్తారేమో!”

“కంగారుపడకు. చిన్నదైందని పక్కన పడేసిన మొదటి పెట్టె ఉందిగా, దాని మీదకి ఎక్కించు.”

“ఇదిగో, ఎక్కించాను. పోయినసారి స్పీకరు మూలనుందని ఆవిడ సినిమా అంతా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. పిల్లలు నవ్వారు. మళ్ళీ ఈ గదిలోకి రాలేదు.”

“చూపు ఆననివాళ్ళు మాట వచ్చినవైపేగా తిరుగుతారు. ఆఁ, ఇప్పుడు నోట్లోంచే వస్తోంది.”

“గుడ్డ చాటున గొంతు మూసుకుపోలేదు కదా?”

“లేదయ్యా, సన్నచిల్లుల తెరేగా. అదిగో, మీ అత్తయ్య.”

“నాకు చూడాలంటే భయంగా ఉంది. కూర్చున్నారా?”

“కూర్చుంది.”

“తల ఎటు తిప్పారు?”

“ఎటూ తిప్పలేదు. తెరమీద మాట్లాడుతున్న పిల్ల మొహంలోకే చూస్తోంది. ఇంక ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టు.”