సామ్రాజ్యం కొట్టు ముందు పప్పు గిన్నెలు

సామ్రాజ్యమని ఒకామె, గొల్లపాడు సెంటర్లో గ్రైండర్ల కొట్టు ఆమెది. వాళ్ళ నాన్న పెట్టిన కొట్టు. ఆయన పోతా పోతా ఒకటే మాట చెప్పాడంట, "అమ్మాయ్, రుబ్బి చూపించకుండా మాత్రం ఎవరికీ అమ్మమాక" అని. అందుకని ఆమె అన్నిటినీ అట్టపెట్టెల్లోనే ఉంచి, ఒకదాన్ని మాత్రం బయట బల్ల మీద పెట్టింది, రుబ్బి చూపించటానికి. కొనాలనుకున్నోళ్ళు ఇంటికాడ మినప్పప్పు నానబోసుకుని గిన్నెతో వస్తారు. ఆమె రుబ్బి, ఇంత పిండి తీసి నీళ్ళ చెంబులో వేసిద్ది. తేలిందా, బాగా నలిగినట్టు. మునిగిందా, ఇంకాసేపు తిప్పాలి. చూసుకుంటారు, కొనుక్కుంటారు, ఆ పిండి కూడా ఇంటికి పట్టుకుపోతారు. అట్టా చానాళ్ళు బాగానే జరిగింది. ఒసే ఝాన్సీ, నా మొహం కాదే, చేతిలో మిరపకాయ చూసి తొడిమ తియ్యి.

ఆ తర్వాత ఏమైందంటే, జనం ఫోన్లలో చూసి కొనటం మొదలుపెట్టారు. కొట్టుకు రావటం మానేశారనుకుంటున్నారేమో, మానలా. ఇంకా ఎక్కువైంది రావటం. గిన్నెలు పెరిగినయ్, కొనేవాళ్ళు తగ్గారు. ఫోన్లో బొమ్మ కనపడిద్ది గానీ పిండి ఎట్టా నలిగిద్దో కనపడదు గదా. అందుకని ఈమె దగ్గరకొచ్చి పప్పు రుబ్బించుకుని, పిండి తేలిందో లేదో చూసుకుని, "మా ఆయన్ని అడిగొస్తానక్కా" అని ఇంటికిపోయి ఫోన్లో తెప్పించుకునేవాళ్ళంట. వాళ్ళ ఆయన్ని ఏ పనికీ అడగనోళ్ళు కూడా గ్రైండరు కాడికొచ్చేసరికి మొగుణ్ణి అడగటమే! ఒక రోజు ఇందుమతని ఒక పిల్ల, టీచరమ్మ, మూడోసారి గిన్నెతో వచ్చింది. వచ్చి, పిండి తిరగతా ఉంటే ఫోను చూస్తా, "అక్కా, ఇదే కంపెనీది దీంట్లో తక్కువకే ఉంది, పైగా నాలుగున్నర స్టార్లు" అందంట. "అంత బాగుంటే దాంట్లోనే రుబ్బుకోకపోయావా తల్లీ, ఇంత దూరం మోసుకొచ్చావు" అంది సామ్రాజ్యం. ఆ పిల్లకి కోపం రాలా. నవ్వింది. నవ్వి, పిండి గిన్నె చంకనేసుకుని పోయింది.

పోయిన పిల్ల ఊరుకుందా? ఫోన్లో ఆ గ్రైండరు బొమ్మ కిందే రాసింది. ఏం రాసిందనుకుంటున్నారు? "కొనేముందు గొల్లపాడు సెంటర్లో సామ్రాజ్యం గారి కొట్టుకెళ్ళి పప్పు రుబ్బించి చూసుకోండి, ఆమె ఏమీ అనరు, చాలా మంచావిడ. చూసుకున్నాక ఇక్కడ ఆర్డరు పెట్టుకోండి" అని. మెచ్చుకున్నట్టే అది! కడుపులో తన్నేవాడు చెప్పు విడిచి తన్నితే మర్యాదస్తుడంటామే, అట్టాంటి మెచ్చుకోలు. ఇంకేముంది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోలేసుకుని దిగారు గిన్నెలతో. పెసలు తెచ్చినోళ్ళున్నారు, గారెల పప్పు తెచ్చినోళ్ళున్నారు, పండగొస్తే అరిసెలకి తడి బియ్యం తెచ్చినామె కూడా ఉందంట. పొద్దస్తమానం తిప్పీ తిప్పీ ఆ గ్రైండరు రాళ్ళు అరిగినయ్, సామ్రాజ్యం నడుం పడిపోయింది. రాళ్ళరిగితే పిండి నలగదు గదా. దానికి ఇంకొకడెవడో "ఈ కొట్లో పిండి బరకగా వస్తంది" అని ఒక్క స్టారిచ్చాడంట. సామ్రాజ్యం అది చదివించుకుని విని, ఏడవలా, తిట్టలా. "శ్రావణం వెళ్ళేలోపు ఒక్కటంటే ఒక్కటన్నా అమ్ముడుపోవాలి. పోలేదా, షట్టరు దించేసి మిరపకాయల తొడిమలు తియ్యటానికి పోతా" అంది. ఇదిగో, మనం చేస్తన్న ఈ పనికే. మనల్ని కూలికి పిలిచే మేస్త్రితో మాట్లాడుకుంది కూడా.

శ్రావణమంతా గిన్నెలొచ్చినయ్, పోయినయ్. ఆఖరి రోజు పొద్దుగూకబోతా ఉంటే, కొట్టుకెదురుగా బస్టాండులో ఇడ్లీ బండి పెట్టుకునే మస్తానమ్మ వచ్చింది. చేతిలో గిన్నె లేదు. "నీ పప్పేదమ్మా?" అంది సామ్రాజ్యం. "పప్పెందుకు, నేను కొనటానికొచ్చా. మా కోడలు మూడు రోజుల నుంచి ఫోను చదవతానే ఉంది. ఒకడు బెమ్మాండమంటాడు, ఇంకొకడు వారానికే కాలిపోయిందంటాడు. వాళ్ళెవురో, వాళ్ళ ఇళ్ళెక్కడో నాకేం తెలుసు? ఇదైతే రెండేళ్ళుగా నేను బండికాడ నుంచి చూస్తన్నా. ఊరు ఊరంతా తెచ్చి పోసింది దీంట్లో. ఒక్క రోజన్నా ఆగిందా?" "ఆగలా." "అయితే ఇదే ఇయ్యి." "అది వద్దమ్మా, రాళ్ళరిగినయ్. పెట్టెలో కొత్తది ఉంది." "కొత్తదాని సంగతి నీకు మాత్రం ఏం తెలుసు? రాళ్ళకు గాట్లు కొట్టించుకుంటాలే. మోటారు గట్టిది గదా, నాకది చాలు" అని, ఇద్దరు మనుషుల్ని పిలిచి దాన్ని మోయించుకుని పోయింది.

సామ్రాజ్యం సంతోషపడిందనుకుంటున్నారా? బల్ల మీద ఖాళీ అయిన చోట చెయ్యి పెట్టుకుని కూలబడిందంట. "ఆమె ఇంకొక్క పూట ఆగొచ్చుంటే ఈ కొట్టు తప్పించుకునేదాన్ని గదరా దేవుడా" అందంట. అమ్ముడైతే కొట్టుంటదని తన నోటితో తనే అంది. మాట మాటే గదా. లేచి మేస్త్రికి రావట్లేదని కబురంపింది. కొత్త పెట్టె కోసి, ఇంకో గ్రైండరు తీసి అదే బల్ల మీద పెట్టింది. నాన్న మాట అట్టాంటిది మరి.

తెల్లారి షట్టరు తియ్యంగానే అందరికంటే ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డది ఎవరనుకున్నారు? నేనే. ఏం, అట్టా చూస్తారేంది? కొత్త రాళ్ళు గదా, పిండి వెన్నలాగా వచ్చింది. "తీసుకుంటావా వదినా?" అనడిగింది. మా ఆయన్ని అడిగొస్తానన్నా. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఆ సంగతి ఆమెకీ తెలుసు. నీళ్ళ చెంబు కడుక్కుని, నా వెనకామె గిన్నె అందుకుంది.