హారన్ చెప్పిన సాక్ష్యం

ఇదిగో అమ్మాయ్, నేను చెప్పేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమున్నా నా నోట్లో పళ్ళన్నీ ఇప్పుడే రాలి నా ఒళ్ళో పడాల. ఏంది నవ్వుతన్నావ్, పళ్ళు లేవనా? వెనకాల రెండున్నాయి, వాటి మీదే ఒట్టు. అంకమ్మరావని ఉన్నాడు మా ఊళ్ళో, మిరపతోట ఆసామి. మీసాలు ఎంతంటే, వాటిల్లో రెండు పిచికలు గూడు కట్టుకున్నా ఆయనకి తెలియలేదంట. ఆయన ఒక కారు కొన్నాడు, తెల్లది. ఎంత తెలుపంటే, అది వీధిలోకొస్తే తెల్లారిందనుకుని కోళ్ళు కూసేవనుకో. కొన్నాడే గాని ఆయనకి తోలడం అంతంతమాత్రం. తోలేది ఆయన బామ్మర్ది మస్తానయ్య, పెళ్ళాం ఆదిలక్ష్మికి తమ్ముడు. అక్క పెళ్ళయిన కాణ్ణుంచి వీళ్ళింట్లోనే ఉండి సేద్యం చూస్తన్నాడు. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవర్ని పాము కరిచినా మస్తానయ్య తలుపే తట్టేది. కారుకి రెండు తాళంచెవులు. ఒకటి అంకమ్మరావు జేబులో, రెండోది మస్తానయ్య మొలతాడుకి. జేబులో పెట్టుకోరాదంట్రా అంటే, "జేబుకి చిల్లు పడిద్ది పెద్దమ్మా, మొలతాడైతే నమ్మకం" అనేవాడు.

ఏమైందంటే, దసరా వచ్చింది. ఆయుధపూజ. అందరూ బండికి నాలుగు చెంబుల నీళ్ళు కొట్టి, బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారా, అంకమ్మరావు అంతటితో ఆగే మనిషా? చేలో మోటారు పైపు లాక్కొచ్చాడు. బయట కడిగాడు, సరే. నాలుగు తలుపులూ తీసి లోపల కూడా కొట్టాడు. పైన బిందెలకి బిందెలు పసుపునీళ్ళు. కృష్ణకి వరదొచ్చినప్పుడు కూడా అన్ని నీళ్ళు నేను చూడలా. మస్తానయ్య వచ్చి, బావా, లోపల నీళ్ళు కొట్టబాక, కరెంటు సామాను ఉంటది అన్నాడంట. "ఒరే, నా బండికి నేను తలంటి పోసుకుంటన్నా, మధ్యలో నువ్వెవడివిరా వీపు రుద్దడానికి?" అన్నాడు అంకమ్మరావు. అందరూ నవ్వారు. మస్తానయ్య కూడా నవ్వాడు పాపం.

అది మొదలు. ఒకరోజు పొద్దున్నే చూస్తే, రాత్రి తాళం వేసిన తలుపులు తెరిచి ఉన్నయ్. ఇంకోరోజు అద్దాలన్నీ దిగి ఉన్నయ్. మరోరోజు లైట్లు వెలిగీ వెలిగీ బ్యాటరీ చచ్చి ఉంది. అంకమ్మరావు ఆలోచించాడు. ఉన్నవి రెండు తాళాలు. ఒకటి నా జేబులోనే ఉంది. మరి బండి తీస్తంది ఎవరు? పోయి టీ కొట్టు దగ్గర అనేశాడు, మా బామ్మర్ది దొంగచాటుగా బండి తిప్పుతన్నాడని. ఆదిలక్ష్మి చెప్పింది, "మీటరు చూడయ్యా, నిన్నటి అంకె నిన్నటి కాడే ఉంది, బండి తిరిగితే అంకె తిరగదా" అని. చూడొచ్చుగా? చూళ్ళా. ఒకసారి నోరు జారాక, ఆ మాట మళ్ళీ లోపలికి తీసుకుందామంటే మీసం అడ్డొచ్చింది. టీ కొట్టు కాడ బయలుదేరిన మాట మా వీధికి వచ్చేసరికి, మస్తానయ్య రోజూ మద్రాసు పోయి సినిమా చూసి, పాలు పితికే వేళకి తిరిగొస్తన్నాడనే దాకా పెరిగింది. నేను తియ్యలా బావా అంటాడు ఇతను. "తియ్యకపోతే పోలేరమ్మ ముందు కర్పూరం ఆర్పు" అన్నాడు ఆయన.

మా దగ్గర అదొకటుంది అమ్మాయ్. అమ్మోరి ముందు కర్పూరం వెలిగించి, ఒట్టు పలికి, అరచేత్తో ఆర్పితే ఇక దాని మీద ఎవరూ మాట్లాడకూడదు. అబద్ధపు ఒట్టయితే అమ్మోరు అక్కడికక్కడే చూపిస్తదని నమ్మకం. ఊరు ఊరంతా వచ్చింది. చచ్చినోళ్ళు కూడా లేచొచ్చి వెనక వరసలో నిలబడ్డారనుకో. మస్తానయ్య స్నానం చేసి తడి పంచెతో వచ్చాడు. "అమ్మా, మా బావకి చెప్పకుండా నేను ఏనాడూ బండి తియ్యలా" అని, మండుతన్న కర్పూరం మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టాడో లేదో, గుడి వాకిట్లో ఆగి ఉన్న కారు, లోపల పురుగు కూడా లేదు, బాఁయ్యని మోగింది! ఆగదే! ఆ మోతకి బాపట్ల కాడ సముద్రం వెనక్కి జరిగిందంట. జనం గుండెలు జారి కాళ్ళ దగ్గర పడ్డయ్. "అమ్మోరు పలికింది! బండి నోటితో పలికింది!" అన్నారు. ఎవరన్నారంటే ఎవర్ని చెప్పను, ఊరు మొత్తం అంది. మస్తానయ్య మసైన అరచెయ్యి చూసుకున్నాడు. అక్క వంక చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తంది.  ఆ తడి పంచెతోనే బస్సు రోడ్డు పట్టుకుని పోయాడు. ఒరే ఆగరా అన్నోళ్ళు లేరు. మొలతాడుకున్న తాళంచెవి కూడా అతనితోనే పోయింది, ఆ సంగతి ఇద్దర్లో ఎవరికీ తట్టలా.

ఇక్కడ విను. మస్తానయ్య పోయిన మర్నాడు అంకమ్మరావు లేచి చూశాడు. ఆకాశంలో చినుకు లేదు, కారు వైపర్లు మాత్రం ఊగుతన్నయ్. ఇటూ అటూ, ఇటూ అటూ, కాదు కాదు అని చెయ్యి ఊపినట్టు. దొంగోడు ఊరు దాటి పోయాడు గదా, మరి ఇదెవరి పని? అప్పుడు తెలిసింది ఆయనకి. తెలిసి ఏం చేశాడు? పట్టా తెచ్చి బండి మీద కప్పేశాడు. బ్యాటరీ తీగ పీకేశాడు. కనపడినోళ్ళకి, బండి ఎండకి పాడవుద్దని కప్పా అని చెప్పాడు. అన్నం పెడితే కెలికి లేచిపోయేవాడు. తల ఎంత కిందికి దించుకు నడిచాడంటే, మీసాల్లో పిచికలు జారిపడతామని గూడు ఖాళీ చేసి పోయినయ్. అట్టా నెల గడిపాడు. ఆదిలక్ష్మికి అనుమానమొచ్చి ఒకనాడు పట్టా లాగి, తీగ తగిలించింది. వైపర్లు లేచి మళ్ళీ కాదు కాదు అన్నయ్. ఆమె తిట్టలా, కొట్టలా. మొగుడి వంక చూసింది, అంతే. ఆ చూపుకంటే నాలుగు తన్నినా నయమే.

ఇద్దరూ కలిసి బండిని అద్దంకిలో మెకానిక్ జిలానీ షెడ్డుకి తీసుకుపోయారు. జిలానీకి చెయ్యి ఎంత ఆడుద్దో నోరూ అంతే ఆడుద్ది. స్టీరింగు కింద, మోకాళ్ళ కాడ నుంచి ఒక పెట్టె పీకాడు. దువ్వెన్ల డబ్బా అంత ఉంది. దాన్ని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారంట. హారను, లైట్లు, వైపర్లు, తలుపులు, అద్దాలు, అన్నిటి మీదా పెత్తనం దానిదేనంట. మూత తీసి చూస్తే లోపల పచ్చగా చిలుం పట్టి ఉంది, మూలల్లో పసుపు ముద్ద. "అల్లా! దీనికి పేరంటం చేసిందెవరు?" అన్నాడు జిలానీ. "ఇదిగో, ఈ ముత్తైదువే" అని ఆదిలక్ష్మి మొగుణ్ణి చూపించింది. షెడ్డంతా విరగబడి నవ్వారు. అంకమ్మరావు మాత్రం ఆ పసుపునే చూస్తా నిలబడ్డాడు.

"ఇది బాగయ్యేది కాదు, కొత్తది తెప్పిస్తా. అప్పటిదాకా దీంతోనే ఏగు" అన్నాడు జిలానీ. "కొత్తది పెట్టే రోజు బండి తాళాలన్నీ పట్టుకురా. కొత్త పెట్టె ఎవర్నీ ఎరగదు. ఆ రోజు నేను దానికి చూపించిన తాళాన్నే గుర్తుపడతది. ఆ రోజు రాని తాళంతో తలుపు తెరుచుకోవచ్చు గాని, ఇంజను మాత్రం లేవదు." అంకమ్మరావు నేల చూపులు చూస్తా, ఒక్క తాళం చాలదా అన్నాడంట. చాలిద్ది, నీకు చాలితే నాకేం అన్నాడు జిలానీ. అప్పుడు అంది ఆదిలక్ష్మి: "చేయించుకో. నా తమ్ముడి తాళం పనికిరాకుండా చేయించుకో. నేను ఇటునుంచి ఇటే బస్సెక్కి పుట్టింటికి పోతా. వాడు రాని ఇంటికి నేనూ రాను." అని చెప్పులు తొడుక్కుంది చూడు, అంకమ్మరావు అడ్డంపడ్డాడు. తెస్తా, నేనే పోయి తెస్తా అన్నాడు.

మస్తానయ్య టంగుటూరు అవతల ఒక పొగాకు బ్యారన్‌లో, అదే ఆకు కాల్చే కొట్టంలో, కట్టెలు ఎగదోస్తన్నాడని తెలిసింది. అంకమ్మరావు తల మీద తువ్వాలేసుకుని, చాటుగా పోయి చాటుగా వద్దామని ఒక్కడే బయలుదేరాడు. బండి ఊరుకుంటదా? ప్రతి ఊరి మొదట్లో బాఁయ్‌మని దండోరా. పట్టపగలు లైట్లు. జనం పెళ్ళికొడుకనుకుని అరుగులెక్కి చూశారంట. ఈయన సీట్లో కిందికి కిందికి జారి, చివరికి మీసాలతోనే స్టీరింగు తిప్పాడనుకో. ఎట్టాగో బ్యారన్ వాకిట్లో ఆపాడు. ఆపీ ఆపంగానే టక్కుమని నాలుగు తలుపులూ బిగుసుకున్నయ్. అద్దాలు దిగవు. హారను మాత్రం బుద్ధిగా నోరు మూసుకుంది. ఆడోళ్ళు పొగాకు కర్రలకి ఆకు కడతా ఆపేసి చుట్టూ చేరారు. "ఎవరే ఈయన, సీసాలో చేపలాగా?" అంది ఒకామె. మస్తానయ్య మసి మొహంతో బయటికొచ్చాడు. చూశాడు. లోపల అంకమ్మరావు దణ్ణం పెడతన్నాడు, పెదాలు కదులుతన్నయ్. "ఏందీ? వినపడట్లా." మళ్ళీ కదిలినయ్ పెదాలు. "గట్టిగా చెప్పు బావా." నిజంగా వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో, ఆ పోలేరమ్మకే తెలియాల. అప్పుడు అరిచాడు అంకమ్మరావు, చెమటలు కారతా: "తప్పు నాదిరా మస్తానా! నువ్వు బండి తియ్యలా! వద్దంటే వినకుండా లోపల నీళ్ళు కొట్టింది నేను! తెలిసి కూడా నెల నాళ్ళు నోరు మూసుకున్నా! నలుగుర్లో నీ పరువు తీశాన్రా!" ఆకు కట్టే ఆడోళ్ళు తలలు తిప్పేసుకున్నారు. అంత మీసమున్న మనిషి అట్టా ఏడుస్తా ఉంటే చూడలేక.

మస్తానయ్య తలుపు దగ్గరికొచ్చాడు. తర్వాత లుంగీ కాస్త జరిపి మొలతాడు లాగాడు. తాళంచెవి ఇంకా దానికే ఉంది. ముడి బిగుసుకుపోయి రాలా. దాంతో కడుపు తలుపుకి ఆనించి, బండిని కావలించుకున్నట్టు నిలబడి తాళం తిప్పాడు. తలుపొచ్చింది. బావ బయటపడి కాళ్ళ మీదికి వంగబోతే, ఇతను వెనక్కి జరిగాడు. "పెద్దోడివి, నా కాళ్ళెందుకు బావా. నేను ఆర్పిన చోట నువ్వు వెలిగించు" అన్నాడు.

జిలానీ కొత్త పెట్టె పెట్టాడు. ఒక తాళం చూపించాడు, రెండో తాళం చూపించాడు, స్టీరింగు ముందర ఎర్ర లైటు మిణుకు మిణుకుమని ఆరిపోయింది. "ఇద్దర్నీ ఎరిగింది, ఇంక ఒకర్నొకరు ఎరగాల్సింది మీరే" అని పాత పెట్టె చేతిలో పెట్టి పంపాడు.

మళ్ళీ ఊరంతా పోలేరమ్మ ముందుకొచ్చింది. కారుని ఆ రోజు ఆపిన చోటే ఆపారు. అంకమ్మరావు కర్పూరం వెలిగించి, పక్కన పాత పెట్టె పెట్టాడు. "అమ్మా, ఆ రోజు పలికింది నువ్వు కాదు, ఇది. దీన్ని చెడగొట్టింది నేను. మస్తానయ్య చెప్పింది నిజం" అని అరచెయ్యి మంట మీద పెట్టాడు. అప్పుడు చూడాల్సింది మమ్మల్ని. ఒక్కరూ అమ్మోరి వంక చూళ్ళా. అందరం మెడలు తిప్పి కారు వంక చూస్తన్నాం. మోగిద్దేమోనని. మోగలా. ఎంతసేపు నిలబడ్డా మోగలా. చీమలు నడిచే చప్పుడు వినపడింది, ఒట్టు. హారను మోగినప్పుడు ఎగిరెగిరి అరిచినోళ్ళం, అది మోగకపోయేసరికి మొహాలు యాడ పెట్టుకోవాలో తెలియక తలలు దించుకున్నాం. అప్పుడు మస్తానయ్య మెల్లిగా కారు దగ్గరికి పోయి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, పీఁ అని ఒక్కసారి నొక్కాడు. ఊరంతా ఎగిరిపడింది. "ఇది మాత్రం నేనే కొట్టా" అన్నాడు. ఎవరూ నవ్వలా. ఆదిలక్ష్మి ఒక్కతే నవ్వింది, కళ్ళు తుడుచుకుంటా.

అదీ జరిగింది. ఆ పాత పెట్టె ఇప్పటికీ గుడి అరుగు మీదే ఉంది. ఎవరో దానికి మళ్ళీ పసుపు రాశారు, ఏం చెప్పను మా ఊరి సంగతి! మస్తానయ్య బండి తోలుతానే ఉన్నాడు. కాని వెనకటిలా అతని తలుపు ఎవరూ తట్టట్లా. నొప్పులొచ్చినా రోడ్డెక్కి ఆటో కోసం చూస్తన్నారు. ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? అతనేమీ అనడు, అదీ భయం. నాకేమో శుక్రవారం ఒంగోలు కంటాసుపత్రికి పోవాల. శుక్లం ఎంత ముదిరిందంటే, నిన్న గేదెని పట్టుకుని మా ఆడబిడ్డనుకుని అరగంట కుశలం అడిగా. నువ్వు ఊరికి కొత్త, ఆనాడు ఆ గుంపులో లేవు. లేచి పో. మిరప కల్లం కాడ ఉంటాడు. ఒక ముసలిదాన్ని శుక్రవారం ఒంగోలు తీసుకుపోతావా అని అడుగు. ఎవర్నంటే ఈ వెంకాయమ్మనని చెప్పబాక. ఆఁ, చెప్పు, చెప్పు, చెప్పకపోతే ఇంకా సిగ్గుచేటు. ఏమన్నాడో కాదు, నా పేరు చెప్పినప్పుడు మొహం ఎట్టా పెట్టాడో బాగా చూసిరా. పో, నిలబడతావేం.