తాత కారు, నా చెవులు

"నాయనమ్మా, తాత కారు స్టార్ట్ చేస్తే నువ్వు తాళంచెవి లాగేసుకున్నావంటగా?"

ఎవరు చెప్పారే? మీ నాన్నేనా? లాగేసుకోవటం కాదులే, ఇంజిను ఆపాను అంతే. కూర్చో రేష్మా, చెప్తా.

ఆ కారు మన పేటకి ఎట్టా వచ్చిందో తెలుసా? మీ తాత ఒంగోల్లో గ్రానైట్ ఆయన దగ్గిర లారీ తోలేవాడు కదా. ఆయన ముచ్చటపడి తెప్పించుకున్న జపాను కారు అది, రెండే తలుపులు. ఇంజిను పట్టేసిందని షెడ్డులో పడేశారు, ఏళ్లకేళ్లు దుమ్ములోనే. మీ తాత పని మానేసి వచ్చేటప్పుడు, "మస్తానూ, ఏం కావాలో తీసుకో" అన్నాడంట ఆయన. ఈ మహానుభావుడు ఆ కారు అడిగాడు! తెచ్చి మన మిరపకాయల కొట్టంలో పెట్టాడు.

నాకు మొదట్లో వొళ్లు మండింది. తర్వాత్తర్వాత... ఏందో, చూడబుద్ధయ్యేది. ఆయన ఒక్కోటే విప్పి గోనెపట్టా మీద పరుస్తాడు, నేను ఇదేంది, అదేంది అని అడగతా ఉంటా. ఒకరోజు నత్తగుల్ల మాదిరి ఇనపముద్ద చేతిలో పెట్టాడు. టర్బో అంట. ఇంజిను వదిలే పొగ ఉంది చూడు, ఆ విసురుకి లోపల చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకి అటువైపున్న ఇంకో చక్రం బయటిగాలిని ఇంజిన్లోకి కుక్కుతుంది. పారేసే పొగతో పని చేయించుకోవటం! వేలుపెట్టి తిప్పితిప్పి చూశా. పొయ్యి మీద కూర మాడిపోయింది ఆరోజు.

ఉన్నదున్నట్టు బాగుచేస్తే మీ తాతెందుకవుతాడు? ఆ గాలి చల్లబడితే ఇంకా బలమంట, ముందు బంపరు కోసి పెద్ద కూలరు బిగించాడు.

మా నాయన దూదేకేవాడు, నువ్వు చూళ్లేదులే. పరుపుకి దూది ఏకితే కూలి కింద మానెడు మిరపకాయలు పెట్టేవాళ్లు. దూదేకే వింటినారి మోత మారితే దూది విడిందని నేను చూడకుండానే చెప్పేదాన్ని. ఏం చెప్తన్నా? ఆఁ, చెవులు. లారీ ఇంజిను పక్కన కూర్చుని కూర్చుని మీ తాతకి చెవులు మందగించినయ్యి. ఒప్పుకుంటేగా! "నువ్వే గొణుగుతావు" అనేవాడు.

కారు స్టార్టైన రోజు కొట్టంలో మిరపదుమ్ము లేచి ఇద్దరం ఒకటే తుమ్ములు. యాక్సిలేటరు తొక్కితే సన్నగా ఈల. బాగుంది. ఇంకాస్త తొక్కాడు. ఆ ఈల కింద గరగరమని ఏదో ఒరుసుకుంటన్న చప్పుడు. "ఏమయ్యో, ఆపు!" అన్నా. వినపడలా. నవ్వుతా ఇంకా తొక్కుతన్నాడు. కిటికీలోంచి చెయ్యిపెట్టి తాళం తిప్పేశా.

ఎంత కోపమో! "బంగారంలా పాడుతుంటే ఆపుతావేంది?"

"లోపల ఒరుసుకుంటంది."

"నాకు వినపడని చప్పుడు నీకెక్కడిదే?"

రెంచి విసిరికొట్టి వెళ్లిపోయాడు. అన్నం కూడా తినలా.

తెల్లారి ఆయనే విప్పాడు. టర్బో ఇరుసు వేలితో కదిపితే ఊగుతంది. చక్రం అంచు ఆ గుల్ల లోపలిగోడకి గీసుకుని తళతళలాడతంది. ఇంకాసేపు తిరిగితే రెక్క విరిగి ముక్కలు ఇంజిన్లో పడేవంట.

ఆ చక్రాన్ని తుడిచి గోనెపట్టా మీద పెట్టాడు. తర్వాత మెల్లిగా అడిగాడు, "ఏమే, నాకింకా ఏమేం వినపడటంలా?"

ఏడుపొచ్చింది తల్లీ. చెవి దగ్గర నోరుపెట్టి చెప్పా. గేటు చప్పుడు, కుక్కరు మోత, నువ్వు ఫోన్లో పాడే పాటలు... "పిల్ల పాడుద్దా?" అన్నాడు.

టర్బో బెజవాడ పంపి బాగుచేయించాడు. గుంటూరెళ్లి చెవులకి మిషను పెట్టించుకున్నాడు. అయినా కారు చప్పుడుకి మాత్రం నన్నే అడుగుతాడు.

మొదటిసారి అద్దంకి రోడ్డు మీదికి తీసుకెళ్లాడు, పక్కన నేను. తొక్కాడు చూడు, సీటుకి అతుక్కుపోయా! "బాగుందా?" అన్నాడు. "బాగుంది" అన్నా. ఇంకోసారి అడగలా. నా మాట మీద ఇంకాస్త తొక్కాడు.

నీకూ అట్టాంటివాడే దొరకాలే అమ్మాయ్. చెప్తే కోప్పడినా సరే, తెల్లారి విప్పి చూసేవాడు...