ఈకో మోడ్

వరంగల్ నుంచి ములుగు పోయే రోడ్డు మీద కారు నెమ్మదిగా సాగుతోంది. ఆమె తండ్రి ములుగు దవాఖానలో ఉన్నాడు. కారు నడుపుతున్న భర్త ఆమె వైపు చూడడం లేదు.

“గింత మెల్లగ పోతానవేందయ్యా? ఆర్టీసీ బస్సు సుత మనల్ని దాటిపాయె.”

“ఈకో మోడ్‌ల ఉన్నది. ఎంత తొక్కినా గింతే గుంజుతది.”

“మొన్న మీ అమ్మకు గుండెల నొప్పొస్తె స్పోర్ట్‌ల పెట్టినవ్. తొక్కంగనే బాణం లెక్క ఉరికింది. మా నాయిన కాడికొచ్చేసరికి పెట్రోల్ పొదుపు యాదికొచ్చిందా?”

“గట్లనకు.”

“మరి జర ఆ బటన్ ఒత్తు.”

అతని వేలు బటన్ దాకా పోయి, మళ్లీ స్టీరింగ్ మీదికే వచ్చింది.

“నువ్వు ఒత్తకుంటె నేనే ఒత్తుత.”

“వద్దే. రోడ్డు మంచిగ లేదు.”

“అద్దం లెక్కుంటె మంచిగ లేదంటవేంది? ఇందాక ఆత్మకూర్ల కారు ఆపి, దిగి మా అన్నతోని ఫోన్ మాట్లాడినవ్ గదా. ఏమన్నడు?”

“ఏమనలే.”

“నా మొఖం చూసి చెప్పు. ఏమన్నడు?”

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“తొందరేం లేదు, మెల్లగనే రమ్మన్నడు.”

బటన్ మీదికి చాచిన తన చేతిని ఆమె వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.