క్యాష్ వ్యాను ముందు నరహరి

"నేను చేసింది పెద్దదేం గాదు చెల్లె. దొంగల బండి నంబర్ చూసిన, గంతే. జనమే ఉత్తగ పెద్దగ చేస్తున్నరు."

మా యూనివర్సిటీ హాస్టల్ వాచ్‌మన్ నరహరన్న ఇంత తగ్గి మాట్లాడాడంటే ఇంకో రెండు చాయ్‌ల దాకా లేవడని, తార్నాకలో బుచ్చవ్వ చాయ్ కొట్టుకు వచ్చే మా అందరికీ తెలుసు. ఎదురుగా కూర్చున్న వనజకి తెలియదు, పాపం. మంగళవారం పొద్దున ఏటీఎం ముందు దొంగలు కొట్టేసిన క్యాష్ వ్యానుకు గన్‌మన్ ఆమె భర్త సమ్మయ్యే. తలకు ఆరు కుట్లు పడి మంచం మీదున్నాడు. యూనిఫాం మనిషెవడో ఏటీఎంలోకి దూరి, షట్టర్ దించుకుని, మూలకు నక్కడం లోపలి కెమెరాలో పడింది. మొహం కనబడలేదు. వాడు సమ్మయ్యేననీ, తల మీది దెబ్బ ఆ తర్వాత ఉరుకుతూ పడితే తగిలిందనీ కంపెనీ వాదన.

"మా ఆయన నిలబడి కొట్లాడిండని ఒక్క మాట చెప్పున్రి అన్నా. ఇయ్యాల నాలుగింటికి విచారణ. నౌకరీ పోతది."

"చెప్తా చెల్లె, మొదటిసంది వినాలె మరి. నేను డ్యూటీ దిగి, గీ యూనిఫాం మీదనే ఇంటికి పోతున్న. వ్యాను ఆగింది, పెట్టె దించిన్రు. గప్పుడే బైకు సర్రున వచ్చింది, ఇద్దరు దిగిన్రు, చేతుల తుపాకులు. నా జాగల ఇంకొకడైతే ఉరుకుతుండె. నేను 'ఎవర్రా మీరు?' అన్న. గంతే, ఒకనికి చెయ్యి గజగజ వణికింది."

"మరి మా ఆయన ఏడున్నడన్నా?"

"గాడనే ఉన్నడు, గది తర్వాత చెప్తా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకని కాలర్ పట్టి ఇట్ల ఇసిరిన, పోయి మెట్రో మెట్ల మీద పడ్డడు. రెండోడు కాల్చిండు. జర వంగిన. బుల్లెట్ మూతి పక్కకెళ్లి పోయింది. గీ మీసం చూడున్రి, ఒక దిక్కు పొట్టిగ లేదా?"

"గది ఎప్పటిసందో గట్లనే ఉన్నది," అంది బుచ్చవ్వ, గిన్నె కలుపుతూ.

"నువ్వు చాయ్ సంగతి చూడవ్వా. ఇంతల ఇంకో ఐదుగురు దిగిన్రు."

"ఒక్క బైకు మీద ఏడుగురు ఎలా పట్టారన్నా?" అన్నాడు జశ్వంత్, మా రూమ్మేట్.

"దొంగలు తమ్మీ, సర్దుకుంటరు. ఏడుగురు ఏడు దిక్కులకెళ్లి కాలుస్తున్నరు. నేను ఎగిరి వ్యానుల కూసున్న. నాకు డ్రైవింగ్ రాదు, గదే కలిసొచ్చింది. ఎటు తిప్పుతనో నాకే తెల్వదు, ఇగ వాళ్లకేం తెలుస్తది? వ్యాను గాల్లకు లేసి పోయి మెట్రో పట్టాల మీద పడ్డది. ఎదురుంగ రైలు! నేను అద్దంలకెళ్లి చెయ్యి అడ్డం పెట్టిన. ఆగింది. లోపలున్నోళ్లందరు లేసి సలాం కొట్టిన్రు."

"ఒక్కరైనా వీడియో తియ్యలేదా?"

"నా స్పీడుకు ఫోన్లల్ల పడలె తమ్మీ."

"అన్నా..." అంది వనజ. "మా ఆయన సంగతి?"

"ఏడుగురితోని కొట్లాడుకుంట ఆయనను ఏడ చూస్త చెల్లె? ఉరికినట్టున్నడు."

ఆ మాటకి మాకెవరికీ నవ్వు రాలేదు. బుచ్చవ్వ పొయ్యి తగ్గించింది.

వనజ కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "గా కెమెరాల పడ్డ ఫొటో, కంపెనీ ఇచ్చింది. అందరు చూడున్రి."

మూలకు ముడుచుకుని కూర్చున్న మనిషి. నెత్తిన టోపీ, మోకాళ్ల మధ్య మొహం, కాళ్లకు ఆకుపచ్చ పట్టీల రబ్బరు చెప్పులు.

"బూట్లు లేకుంటే మా ఆయనను వ్యాను ఎక్కనియ్యరు. గిదే చెప్పిన, వినలె. ఫొటోల ఉన్నది ఆయన గాకుంటే గా మనిషే వచ్చి రాసియ్యాలన్నరు. నేను మీ కథ వినడానికి రాలేదన్నా. మీ కాళ్లు చూడడానికొచ్చిన."

అందరం ఒకేసారి కిందికి చూశాం. నరహరన్న కాళ్లు గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. చెప్పులు మాత్రం అక్కడే ఉండిపోయాయి, ఆకుపచ్చ పట్టీలతో.

"భయపడుడు తప్పు గాదన్నా. తుపాకీ చూస్తే నేను గూడ దాక్కుంట. గానీ మీరు లోపలుంటే, గా షట్టర్ ముందటనే నిలబడి మా ఆయన నెత్తి పగలగొట్టించుకున్నడు. ఆయనను పట్టుకొని ఉరికిండు అంటరా?"

బుచ్చవ్వ కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది.

"రాయి నరహరీ. ఏడుగురిని తర్వాత కొడుదువుగానీ."

రాశాడు. మూడు లైన్లకి పావుగంట పట్టింది. సంతకం పెట్టబోయి ఆగి, మా మొహాలు ఒకసారి చూసుకున్నాడు.

"చెల్లె, షట్టర్ దించింది నేనే అని రాసిన. గానీ గది జామైన షట్టర్, ఇద్దరు గుంజితే గానీ రాదు. నేనొక్కణ్ణే, ఒంటి చేత్తోని దించిన. గది గూడ రాయాల్నా?"

"రాయున్రి అన్నా," అంది వనజ. "ఇప్పటిదాంక చెప్పిన దాంట్ల గదొక్కటే నమ్మేటట్టున్నది."