ముహూర్తం షాట్ రోజు

ఏలూరులో మ్యాట్నీ చూసి అమరేశ్వరరావు, జగదాంబ కారులో ఇంటికి వస్తున్నారు.

"కొంచెం నెమ్మదిగా పోనివ్వండి. ఆటోవాడు తిడుతున్నాడు."

"తిట్టనీ."

"ఏవిటండీ, హాల్లో ఉన్నప్పట్నించీ ఇలాగే ఉన్నారు. అంత భయమేసిందా? పక్క సీట్లో కుర్రాళ్ళు మిమ్మల్ని చూసి ఒకటే నవ్వు."

"భయమేం కాదు."

"మరి ఆ తలుపు చప్పుడప్పుడు నా చెయ్యి నలిపేశారుగా. గాజు చిట్లింది, చూడండి."

"నువ్వు వినలేదా?"

"వినకేం, హాలంతా కెవ్వుమంది. నాకైతే నవ్వొచ్చింది. కొల్లేటి మధ్యలో పాడుబడ్డ మేడట! హీరో మంచులో పడవేసుకుని బయల్దేరతాడు, దిగేదేమో పవరుపేటలో మన వీధరుగు మీద. నా తులసికోట కూడా పడింది, చూశారా? దానికి బూజు అంటించారు, సన్నాసులు. వాళ్ళు వెళ్ళాక మూడు బకెట్లు పోసి కడిగాను."

"జగదాంబా, ఆ చప్పుడు..."

"ఎప్పటిదో ఇంగ్లీషు దెయ్యం కథట కదా. అక్క పోయిందనుకుని తమ్ముడు గదిలో పెట్టి తలుపేసేస్తాడు. ఆవిడేమో బతికే ఉండి లోపల్నించి కొడుతూ ఉంటుంది. మనవాళ్ళు మధ్యలో పెళ్ళిపాట కూడా ఇరికించారు."

"అది సినిమా చప్పుడు కాదే."

"మరేవిటి?"

"పెద్దమ్మ కొట్టిన చప్పుడు."

"ఏ పెద్దమ్మ?"

"నాకెంతమంది ఉన్నారు? మన కనకరత్నం పెద్దమ్మ."

"అత్తయ్యగారా? ఆవిడ సినిమాలో తలుపు కొట్టడమేవిటండీ? మీరు బానే ఉన్నారా? కారు ఆపుతారా కాసేపు?"

"ముహూర్తం షాట్ మనింట్లోనే తీశారుగా. ఆ రోజు ఆవిడ ఎక్కడుందో గుర్తుందా నీకు?"

"దేవుడి గదిలో. జపం చేసుకుంటున్నారని మీరే చెప్పారు."

"చేసుకుంటోంది. నేను బయట గడియ పెట్టాను."

"ఏం పెట్టారూ?"

"గడియ."

"రామ రామ!"

"ఆ ప్రొడ్యూసరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. క్లాప్ కొట్టేటప్పుడు ముత్తైదువలు తప్ప ఇంకెవరూ ఎదురు రాకుండా చూడండి సార్, మా నాన్నగారి సినిమా ఒకటి అలాగే మూలపడింది అన్నాడు. పెద్దమ్మ సంగతి నీకు తెలుసుగా. హారతి గంట వినబడితే చాలు, ఎక్కడున్నా కళ్ళకద్దుకోడానికి వచ్చేస్తుంది."

"ఒక్కమాట చెబితే వినేవారు కదండీ."

"ఏమని చెప్పను? నువ్వు ఎదురొస్తే అశుభం, లోపలే ఉండు అని చెప్పనా? అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషికి? నోరు రాలేదు. గడియ పెట్టడానికి మాత్రం చెయ్యి వచ్చింది."

"ఎంతసేపు?"

"క్లాప్ కొట్టగానే తీసేద్దామనే అనుకున్నా. ఈలోగా హీరోగారన్నారు, ఫోటోలన్నారు, నాకు దండ వేశారు..."

"అవును, ఆ దండ ఇప్పటికీ బీరువా మీదే ఉంది."

"మర్చిపోయానే. భోజనాలకి ఆకులు వేస్తుంటే గుర్తొచ్చింది. పరిగెత్తుకెళ్ళి గడియ తీశాను. తలుపు తోసి లోపలికి చూసే ధైర్యం లేక అలాగే తిరిగొచ్చేశా. కాసేపటికి ఆవిడే వచ్చింది. 'అయిందా నాయనా, అంతా బాగా జరిగిందా' అంది. ఇంకేమీ అనలేదు. అప్పట్నించి ఒక్కసారి కూడా ఏమీ అనలేదు."

"కొట్టారేమో మరి. మీకు వినపడలేదా?"

"ఆ జనరేటరు మోతలో ఏం వినపడుతుంది? కొట్టి ఉండదులే అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నా. ఇవాళ విన్నానుగా. పెద్దమ్మ కొట్టేది అలాగే కదూ? అరచేత్తో ఒకసారి కొట్టి, ఆగి, మళ్ళీ మెల్లిగా. ఎవర్నో ఇబ్బంది పెడుతున్నట్టు."

"అవన్నీ హైదరాబాదులో కలుపుతారండీ. కొబ్బరిచిప్పలతో గుర్రాల చప్పుడు చేస్తారని మా తమ్ముడు పృథ్వీ చెప్పాడు."

"కాదు. ఆ డైరెక్టరు టీవీలో చెప్పాడు, ఇంటి శబ్దాలన్నీ ఆ ఇంట్లోనే మైకులు పెట్టి పట్టుకున్నాం అని."

"అయ్యో, అయితే నిజంగా ఆవిడేనా!"

"ఆవిడే. తిట్టు నన్ను."

"ఏమని తిట్టను? పట్టుచీర కట్టుకుని హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది నేనేగా. అత్తయ్యగారేరీ అని నాకూ అనిపించింది. మిమ్మల్ని అడగలేదు. ఏం చెబుతారో తెలిసే అడగలేదేమో."

"నీదేం లేదులే ఇందులో."

"ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. మనింట్లో రోజూ పొద్దున్నే దేవుడికి దీపం పెట్టేది ఆవిడేగా. ఆ స్వామి ముందు చూసేది ఆవిడ మొహమే కదండీ. ఆయనకి లేని పట్టింపు ఆ ప్రొడ్యూసరుకెందుకు?"

"ప్రొడ్యూసర్ని ఎందుకంటావు? నాకూ ఉందిగా. లేకపోతే గడియ ఎందుకు పెడతాను?"

"రేపు ఆవిణ్ణి సినిమాకి తీసుకెళ్తానన్నారు మీరు. వీధంతా చెప్పుకుంటున్నారావిడ."

"వద్దు. ఆవిడ ఆ చప్పుడు వినకూడదు."

"ఏం చెబుతారు మరి?"

"టిక్కెట్లు లేవని చెబుతా."

"హాలు సగం ఖాళీగా ఉందండీ."

"ఏదో ఒకటి చెబుతాను. నువ్వు మాత్రం నోరు మెదపకు."

ఇంట్లో, వాళ్ళ కోసం ఎదురుచూస్తున్న కనకరత్నం.

"వచ్చారా? ముందు కాళ్ళు కడుక్కోండి. ఏరా, మన ఇల్లు బాగా పడిందా?"

"ఫర్వాలేదు పెద్దమ్మా."

"ఫర్వాలేదంటాడేవిటమ్మా వీడు! మన వీధి తలుపు కనబడగానే ఒకటే ఈలలని పక్కింటి బేబీరాణి చెప్పింది. జగదాంబా, రేపు ఆ గంధం రంగు చీర కట్టుకోనా?"

"అత్తయ్యగారూ, రేపు..."

"సినిమా బాగోలేదు పెద్దమ్మా. నువ్వు చూడలేవు. అంతా దెయ్యాలు."

"ఈ వయసులో దెయ్యాలకి నేనేం భయపడతాన్రా? నన్ను చూసి అవే పారిపోతాయి."

"ఏసీ పడదు నీకు."

"శాలువా కప్పుకుంటా."

"మెట్లు చాలా ఉన్నాయి."

"మొన్ననేగా ద్వారకా తిరుమల కొండ ఎక్కొచ్చాను?"

"వద్దంటే వద్దు!"

"ఎందుకురా అలా అరుస్తావు? ఏవైంది వీడికి?"

"చెప్పేయండి. ఆవిడకి చెప్పేయండి."

"ఏం చెప్పాలిరా?"

"అందులో తలుపు చప్పుడొకటి వస్తుంది పెద్దమ్మా."

"రానీ."

"అది నువ్వు కొట్టిన చప్పుడే. ముహూర్తం రోజు. తలుపు తీయమని ఎంతసేపు కొట్టావో, నాకు వినపడలేదు. వాళ్ళ మైకుకి వినపడింది. ఊరూరా వింటున్నారు. నన్ను క్షమించు పెద్దమ్మా."

"లే, ముందు కాళ్ళమీంచి లే. నేను తలుపు కొట్టడమేవిటి? కొట్టలేదే."

"నా మనసు నొచ్చుకుంటుందని అలా అనకు."

"స్వామి సాక్షిగా కొట్టలేదురా. ఎందుకు కొడతాను? శుభమా అంటూ మొదలెడుతుంటే నాలాంటిది ఎదురు రాకూడదని నాకు మాత్రం తెలీదా? గంట వినబడితే కాళ్ళు ఆగవేమోనని, నేనే లోపల గడియ పెట్టుకు కూర్చున్నాను. నీకు మంచి జరగాలని."

"పెద్దమ్మా..."

"అత్తయ్యగారూ, ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

"ఉండమ్మా. ఏవిట్రా ఇందాక అన్నావు, తలుపు తీయమని కొట్టానా? అయితే నాయనా... నువ్వు బయట కూడా పెట్టావా?"